చివరగా ఎగిరినవాడు కడగాలి

హాస్కెల్, డోయల్, వెర్నర్! ఆ విమానాన్ని కుళ్ళబెట్టింది మీరు ముగ్గురే. సముద్రం కాదు, వయసు కాదు, మీరు. కుళ్ళిందని తెలిసీ పైన ఎర్ర రంగు కొట్టి, అందులో పావు వాటా మారిట్‌కి అంటగట్టబోయిందీ మీరే. ఇప్పుడేమో రేవంతా తిరిగి "ఆడది కదా, ఆఖర్న భయపడింది" అని చెబుతున్నారు. మారిట్ ఆ విమానాన్ని చూసుకున్న రోజు టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డదాన్ని నేను, చేపల ఫ్యాక్టరీ యూనియన్ ఎడ్నాని. జరిగింది చెబుతాను, అందరూ వినండి.

మారిట్ మంత్రసాని. మా అలాస్కా తీరంలో రోడ్డు ఊరి చివర అడవిలో ఆగిపోతుంది. కలప కొట్టేవాళ్ళ గుడారాలు, చేపలు పట్టేవాళ్ళ మకాములు అన్నీ వేరే దీవుల మీద ఉంటాయి. నొప్పులు మొదలైతే రేడియోలో పిలుస్తారు. మారిట్ సంచి తీసుకుని రేవుకి పరిగెత్తాలి, టపా విమానం కోసం కాచుకోవాలి. పోయిన చలికాలం ఓపల్ అనే పిల్ల అవతల దీవిలో రక్తం పోయి చచ్చిపోయింది. అప్పుడు మారిట్ ఇవతల రేవులో సంచితో నిలబడే ఉంది. ఆ తర్వాతే విమానం నడపడం నేర్చుకుంది. ఆ విమానానికున్న నలుగురు యజమానుల్లో ఇంగ్వాల్డ్ ముసలాయన దక్షిణానికి వెళ్ళిపోతూ తన వాటా మిగతా ముగ్గురికీ వదిలేశాడు. వీళ్ళు దాన్ని అమ్మకానికి పెట్టగానే అడిగిన మొదటి మనిషి ఆమే.

పాత విమానం కొనేవాళ్ళు తమ మెకానిక్‌ని తెచ్చి చూపించుకుంటారు. ఊళ్ళో ఉన్న మెకానిక్ డోయల్ ఒక్కడే. విమానంలో పావు వంతు వాడిది. ఏటా దాన్ని పరీక్ష చేసి బాగుందని సంతకం పెట్టేదీ వాడే. తన వంట తనే రుచి చూసి లొట్టలేసినట్టు! అందుకని మారిట్ తనే చూసుకుంది.

"చూడు తల్లీ, పెళ్ళికూతురిలా లేదూ?" అన్నాడు హాస్కెల్.

"రంగెప్పుడు వేశారు?"

"ఈ మధ్యనే. నీకోసమే అనుకో."

"నాకోసమైతే వేయకుండా ఉంచేవాళ్ళు."

నీళ్ళ మీద దిగే విమానం అది. చక్రాల బదులు కింద పడవల్లాంటి రెండు పొడుగాటి ఫ్లోట్లుంటాయి. వాటిలోకి ఊరిన నీళ్ళు తోడి చూసింది. కొద్దిగానే వచ్చాయి. ఇంజను తిప్పింది. గొంతు బాగుంది. ఓపల్ పోయాక మారిట్ నవ్వడం మళ్ళీ అప్పుడే చూశాను. ఆ నవ్వుతోనే తోక దగ్గరికి వెళ్ళి గుండ్రటి మూత విప్పింది.

"అక్కడేముంది, సాలెగూళ్ళు తప్ప?" అన్నాడు వెర్నర్.

నేను టార్చి వేశాను. లోపల రేకుల అతుకుల వెంట తెల్లటి పొడి, పిండి చల్లినట్టు. మారిట్ వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది. ఉమ్మేసింది.

"ఉప్పు."

తర్వాత చేతిగుడ్డ తీసి, తోకను ఆడించే ఉక్కు కేబుల్ మీద నెమ్మదిగా లాగింది. గుడ్డ ఆగిపోయింది. విడిపించి మళ్ళీ లాగింది. మళ్ళీ పట్టుకుంది. కేబుల్లో పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. అది తెగితే పైనున్న విమానం ముక్కు ఎత్తడానికి దిక్కుండదు.

"ఉప్పునీళ్ళలో తిరిగే విమానం. దిగాక మంచినీళ్ళతో కడగరా మీరు?"

"ఎందుక్కడగం!" అన్నాడు హాస్కెల్ ఛాతీ విరిచి. "మాకు రూలుంది. ఆ రోజు చివరగా ఎగిరినవాడు కడగాలి."

"నిన్న చివరగా ఎగిరిందెవరు?"

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"దిగింది నేనే," అన్నాడు వెర్నర్. "కానీ అప్పుడు హాస్కెల్ పెట్రోలు పోస్తున్నాడు. తను ఎగరడానికే అనుకున్నా."

"నేను మర్నాటికని పోసి పెట్టానయ్యా!"

"నాకేం తెలుసు? చెప్పావా?"

"అడిగావా?"

ఏళ్ళ తరబడి ఇదే. ముగ్గురిలో ఏ ఒక్కడూ ఏ ఒక్క రోజూ చివరివాడు కాలేదు. "అయితే చివరగా ఎగిరేది దేవుడన్నమాట. నీళ్ళ గొట్టం ఆయన చేతికివ్వండి," అన్నాను.

మారిట్ డోయల్ వైపు తిరిగింది. "రంగు వేసేముందు లోపల చూశావా?"

"చూశాను."

"మరి?"

"నీ వాటా డబ్బు రాగానే విప్పి బాగుచేద్దామనుకున్నాం." వాడు తన బూట్లకేసి చూస్తూ చెప్పాడు. అంటే మీ కుళ్ళుకి మందు ఆమె డబ్బుతో. అందాకా ఆమె ఎగురుతూ ఉండాలి!

నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఈలోగా మారిట్ ఫ్లోటు మీద కూలబడి అడిగింది: "డోయల్, ఆ కేబుల్ ఒక్క చలికాలం ఆగుతుందా?"

"ఆగుతుంది తల్లీ, ఎందుకాగదు!" హాస్కెల్ ఎగిరి గంతేశాడు. "ఇంకొంచెం తగ్గించుకుందాం కూడా." డోయల్ మాత్రం కేబుల్ వైపు చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

"పిచ్చా నీకు?" అన్నాను మారిట్‌ని.

"రెండు కాన్పులున్నాయే ఎడ్నా, ఈ చలికాలంలోనే. ఇది లేకపోతే నేను మళ్ళీ అక్కడే నిలబడాలి, సంచి పట్టుకుని. నువ్వు నిలబడ్డావా ఎప్పుడైనా?"

ఇంత ఊళ్ళో ఒక మంత్రసానికి కుళ్ళిన విమానం కూడా ఆశగా కనబడిందంటే, ఆ సిగ్గు ఎవరిది?

చివరికి ఒక్క మాటే అడగగలిగాను. "కాన్పు కష్టమైతే ఆ పిల్లని ఇందులోనే కదా ఆసుపత్రికి తేవాలి. ఎక్కిస్తావా?"

మారిట్ లేచి తోక మూత బిగించింది. ఒక్క స్క్రూ కూడా వదల్లేదు.

"అయితే వాటా వద్దంటావ్?" అన్నాడు హాస్కెల్.

"వాటా కావాలి. చావు వద్దు," అని వెళ్ళిపోయింది.

ఇదీ మీరు భయమంటున్నది. మర్నాడే వెర్నర్ అదే విమానంలో తన ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని ఎగిరాడు. హాస్కెల్ కొత్త కొనుగోలుదారు కోసం పక్క ఊళ్ళో వాకబు చేస్తున్నాడు.

ఇక చాలు. రేపటి పోటుకి దాన్ని గట్టుకి లాగండి. ముక్కు దగ్గర తిరిగే పంఖా ఊడదీసి రేవు ఆఫీసులో అప్పగించండి. డోయల్, నీ సంతకం మాకొద్దు. బయటి మెకానిక్‌ని మీ ఖర్చుతో రప్పించండి. కేబుళ్ళు మార్చండి, కుళ్ళిన రేకులు కోసి కొత్తవి వేయండి. కాన్పులు దగ్గరపడక ముందే ఇంగ్వాల్డ్ వాటా మారిట్ పేర రాయండి. అందాకా ఆమెకి పిలుపొస్తే, ఏ వేళప్పుడైనా, మీ ముగ్గురిలో ఒకడు తన పడవలో తీసుకెళ్ళాలి. మేం లాగం అంటారా, ఫ్యాక్టరీ పడవలన్నీ తెచ్చి ఆ విమానానికి అడ్డంగా కట్టేస్తాం. లాగండి!