డ్రైవింగ్ మాస్టారి మొదటి హెలికాప్టర్

కొత్తవాళ్లను చూసి విసుక్కోవడమే తప్ప, తాను కొత్తవాడై ఎన్నాళ్లయిందో డ్రైవింగ్ మాస్టారు మరిచిపోయాడు. సెలవురోజున కూడా ఇంట్లో ఇల్లాలికి కూరగాయల కత్తి పట్టుకోవడం దగ్గర్నుంచీ పాఠాలు చెబుతుంటే, ఆవిడే ఏదైనా వ్యాపకం పెట్టుకోమంది. ఆయన మనసు రిమోట్ హెలికాప్టర్ మీదికి పోయింది. ఇద్దరూ కలిసి అవి అమ్మే దుకాణానికి వచ్చారు.

"కొత్తగా మొదలుపెడుతున్నారా సార్?" అన్నాడు దుకాణదారు.

మాస్టారు విననట్టు అద్దాల బీరువా వైపు నడిచాడు. లోపల ఎర్రటి పెద్ద హెలికాప్టర్, నడినెత్తిన ఒకే జత పొడుగాటి రెక్కలు. ఆయన కళ్లు దానికి అతుక్కుపోయాయి.

"అది మైదానంలో ఎగరేసేది సార్, చెయ్యి తిరిగినవాళ్లకి. మీకైతే ఇది" అంటూ దుకాణదారు అరచేతిలో ఇమిడే పసుపు హెలికాప్టర్‌ను బల్ల మీద పెట్టాడు. దానికి ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు. అవి ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి కాబట్టి గింగిరాలు కొట్టకుండా నిలకడగా ఉంటుందట. హాల్లోనే ఎగరేసుకోవచ్చట. విరిగితే రెక్కలు విడిగా దొరుకుతాయట.

"పిల్లల బొమ్మ" అని మాస్టారు పెదవి విరిచాడు. "ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది నేనేనయ్యా."

"అయితే ఒకసారి ఎగరేసి చూపించండి. నాకూ ముచ్చట తీరుతుంది" అంది భార్య, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా. పెళ్లయిన కొత్తలో ఆయన దగ్గరే కారు నేర్చుకోబోయి, ఆ కేకలకు మూడో మలుపులో దిగి ఇంటికి నడిచొచ్చిన మనిషి ఆవిడ. ఆవిడ ముందు కొత్తవాడిలా తేలిపోవడంకంటే మాస్టారికి వేరే అవమానం లేదు.

దుకాణదారు వాళ్లను వెనకగదిలోకి తీసుకెళ్లి రిమోట్ చేతికిచ్చాడు. అక్కడ నేలంతా మెత్తటి పరుపులు. మాస్టారు రిమోట్ మీది ఎడమ మీట పైకి తోశాడు. హెలికాప్టర్ గుయ్యిమంటూ లేచి, ముక్కు తిప్పుకుని తిన్నగా ఆయన మీదికే వచ్చింది. ఆయన కుడికాలు టక్కున నేలను తొక్కింది.

"అక్కడ బ్రేకు లేదండీ" అంది భార్య.

కంగారులో ఆయన మీట పూర్తిగా కిందికి లాగేశాడు. హెలికాప్టర్ దబ్బున పడింది. రెండోసారి కుడికి తిప్పబోతే ఎడమకు పోయి కర్టెన్‌లో చిక్కుకుంది.

"ముక్కు మీ వైపుంటే కుడిఎడమలు తారుమారు సార్. తోక మీ వైపు ఉంచుకోండి" అన్నాడు దుకాణదారు.

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకొక్క క్షణమైతే బయటికి నడిచేవాడే.

"చేతులు బిగపట్టకండి" అంది భార్య మెల్లగా. "మీటను పట్టుకుని వేలాడకండి. మిమ్మల్నెవరూ తరమట్లేదు."

అన్నీ ఆయన మాటలే, ఆనాడు కారులో అరిచినవే. అరవకుండా అంటే అవి పనికొచ్చే మాటల్లా ఉన్నాయి. వేళ్లు వదులయ్యాయి. హెలికాప్టర్ ఛాతీ ఎత్తుకు లేచి, కాస్త వణికి, అక్కడే నిలబడింది. మాస్టారు నోరు కొంచెం తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దాన్ని మెత్తగా దించాడు.

"ఇది ఇచ్చెయ్యండి" అన్నాడు.

"మరి ఆ ఎర్రది?" అంది భార్య.

"ముందు ఇది రానీ నాకు."

ఇంట్లో ఛార్జింగ్ అయ్యేదాకా దాని చుట్టూనే తిరిగాడు. సోఫాను గోడకు జరిపాడు. బట్టలు మడతపెడుతున్న భార్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆ చేతుల సంగతి ఏదో అన్నావే, మళ్లీ ఒకసారి చెప్పు."

ఆవిడ లేచి ముందు ఫ్యాను ఆపేసింది. తర్వాత కుర్చీ లాక్కుని, తీరిగ్గా, పాఠం మొదట్నుంచీ అందుకుంది.