కాలువ మొదట్లో క్లారా

రంగుల మేస్త్రీ తెల్లవారగానే బట్టల అద్దకం షెడ్డులో తొట్ల మూతలు తీసి, నీలంలో వేలు ముంచి, గోరు మీద రంగు చూసుకునేవాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. మోచేతుల దాకా ఏ సబ్బుకీ లొంగని నీలం.

కూతురికి క్లారా అని పేరు పెట్టింది ఆయన అత్తగారు. ఆవిడ మందుల షాపులో సీసాలకు చీటీలు అంటించి అంటించి నాలుగు లాటిన్ ముక్కలు నేర్చుకుంది. క్లారా అంటే తేటగా, వెలుగుగా ఉండేదని అర్థం. ఎవరైనా నోరారా ఆ పేరుతో పిలిస్తే దగ్గర్లో ఉన్న నీళ్లు తేటపడేవి. వీధిలో వాళ్లకు అది వింత కాదు. కుళాయిలో మట్టినీళ్లు వచ్చిన రోజు బిందె దించి, ఆ పిల్లని కేకేసి, మళ్లీ ఎత్తుకునేవాళ్లు.

చదువయ్యాక ఆమె తండ్రి షెడ్డులోనే పనికి చేరింది. అక్కడ అందరూ "అమ్మాయ్" అనే పిలవాలని మేస్త్రీయే కట్టడి చేశాడు. మూడో రోజు కూతురు తొట్టిలో బట్టని ముడతపడకుండా తిప్పడం చూసి పొంగిపోయి, "భేష్ క్లారా" అన్నాడు. తొట్టెడు నీలం మంచినీళ్లయింది. పేరైనా మార్చు, పనైనా మాన్పించు అన్నాడు యజమాని.

పేరు మార్పు దరఖాస్తు జేబులో పెట్టుకుని తండ్రీకూతుళ్లు ఆఫీసుకు బయల్దేరారు. దారిలో కాలువ. షెడ్డు తొట్లలోని రంగునీళ్లు అందులోకి వదిలిన పూట. గట్టున బట్టలుతికే ఆమె నీలమైన దుప్పటి పిండుతోంది.

"తెల్లవి తెచ్చాను మేస్త్రీగారూ. కూలి అడక్కుండానే రంగేసి పెట్టారు" అందామె.

ఆయన ఎప్పటిలాగే తల తిప్పుకుని అడుగు వేగం పెంచాడు. కూతురు మాత్రం ఆగిపోయింది.

"నాన్నా, ఆ పేరుతో పిలవడం ఇదే ఆఖరు కదా. ఒక్కసారి ఇక్కడ పిలువు."

మేస్త్రీ నీళ్లకేసి చూశాడు. తన చేతుల రంగే. "క్లారా" అన్నాడు మెల్లగా. మళ్లీ గట్టిగా అన్నాడు.

నీలం విరిగిపోయింది. అడుగున గులకరాళ్లు, ఎవరో పోగొట్టుకున్న చెంచా, ఒక చిన్న చేప. ఉతికే ఆమె దుప్పటి మళ్లీ ముంచింది.

చేసిన తప్పు కంటికి కనబడ్డాక చూడనట్టు నడిచిపోవడం మనిషి పని కాదు. మేస్త్రీ ఆఫీసుకు వెళ్లలేదు. తన కూతురు షెడ్డు నీళ్లు పడే కాలువ మొదట్లో నిలబడితేనే ఇకమీదట తొట్లు వదులుతానని యజమానితో చెప్పాడు. యజమాని గొణిగాడు గానీ, గోటి మీద రంగు చదివే మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు? దరఖాస్తు కాగితాన్ని అత్తగారు మందుసీసాకి బిరడాగా చుట్టి పెట్టుకుంది.

ఇప్పుడు అదే క్లారా ఉద్యోగం. రోజూ సాయంత్రం మేస్త్రీ వచ్చి పేరు పెట్టి పిలుస్తాడు.

"ఆ నీళ్లలో చేతులు కూడా ముంచు నాన్నా, నీలం పోతుందేమో" అందొకసారి.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఉండనీ" అన్నాడు.