సెలవుల్లో వేసిన సున్నం

ఆమె బడి కమిటీకి టీ వడగడుతుంటే భర్త వంటింట్లోకి తొంగిచూసి, పంచదార తగ్గించమనీ, అధ్యక్షుడికి మాత్రం పెద్ద గ్లాసులో పొయ్యమనీ చెప్పి వెళ్ళాడు. ఆ కమిటీకి అధ్యక్షుడు ఆయనే.

ఏడుగురికి టీ పట్టుకుని ఆమె పాత బడికి నడిచింది. తాతల నాటి బడి. ఒక్కటే గది, నాలుగు కిటికీలు, పెంకుల కప్పు. ఐదు తరగతులూ ఆ గదిలోనే వరసలుగా కూర్చునేవి. ఆమె మూడో వరసలో ఉన్నప్పుడు ఆయన ఐదో వరసలో ఉండేవాడు. బడి మూతపడి ఇరవై ఏళ్ళయింది. పాత విద్యార్థులంతా కలిసి దాన్ని ఉన్నదున్నట్టు నిలబెడదామని ఇప్పుడు పూనుకున్నారు. పాత విద్యార్థులంటే మగవాళ్ళే. ఆడవాళ్ళు టీ తెచ్చేవాళ్ళు.

గడప దాటితే చాలు, ఆమెకు తడిసున్నం వాసన వచ్చినట్టుండేది. ఏటా సెలవుల్లో మాస్టారు ఆడపిల్లలను పిలిపించేవారు. వారం ముందే సున్నం నానెయ్యడం, గుడ్డలో వడగట్టడం, చిటికెడు నీలిమందు కలపడం. నిచ్చెన మీద ఒకరు, కింద పట్టుకుని ఇంకొకరు. వేళ్ళు మండేవి. అయినా ఎంత నవ్వుకునేవారో. అంత హాయైన రోజులు మళ్ళీ రాలేదని దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడల్లా తలుచుకునేది. మగపిల్లలు ఈతకు పోతే మాస్టారు మమ్మల్నే ఎందుకు పిలిచారు స్వామీ, అని మాత్రం ఏనాడూ అడగలేదు.

మేస్త్రీ గోడ తట్టి చూస్తున్నాడు. రేపే చెక్కేసి సిమెంటు పూసేస్తారట.

"మన చిన్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టని గోడ ఇది," అన్నాడు భర్త గర్వంగా. "బడి తెరిచేసరికి ఎప్పుడు చూసినా తళతళలాడుతుండేది. అప్పటి పనితనం అలాంటిది."

మిగతావాళ్ళు తలలూపారు.

సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గోడ గుల్లబారుతుంది. పోయిన ఏడు వంటింటి గోడ విషయంలో ఆ మాటే చెబితే, నీకెందుకివన్నీ, పాలు పొంగకుండా చూసుకో అన్నాడాయన. ఆ గోడ ఇప్పుడు పెచ్చులూడుతోంది. వంటిల్లు పోతే పోయింది. ఇది కూడా పోతే తనదంటూ చూసుకోవడానికి ఇంకేముంది?

ట్రే కింద పెట్టింది.

"మేస్త్రీ, ఆ మూల ఒక పెచ్చు తీసి చూడు."

అతను ఉలితో తీసి, అంచును వెలుతురుకు పెట్టి, గోటితో ఒక్కో పొరా విడదీశాడు. ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశాడు.

"ఏటా వేసిన సున్నం కదమ్మా ఇది. ఎవరు వేశారు?"

"మేమే, ఆడపిల్లలం. వీళ్ళు సెలవులయి వచ్చేసరికి ఆరిపోయేది."

ఒకాయన టీ చల్లారిపోతోందన్నాడు. ఈ గోడకు సున్నమే పడాలనీ, ఆ పాళ్ళు మాత్రం తనకు తెలియవనీ మేస్త్రీ ఒప్పుకున్నాడు.

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు భర్త. కాసేపటికి ఆయన మొహం తేటపడింది. "పోనీలే, మంచిదే అయింది. మీ ఆడవాళ్ళంతా కలిసి ఓ వారంలో వేసెయ్యండి మరి. సరదాగా ఉంటుంది."

సరేనండీ అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. నిచ్చెన, తడిసిన చేతులు, ఆ నవ్వులు... నిజమే, సరదాగానే ఉంటుంది. ఆమె గొంతు సవరించుకుంది.

"నేను నేర్పుతాను," అంది. "వెయ్యడం మీరు వేద్దురుగాని."