సగం లేచిన గీత

నేను ఒక రక్తకణాలను పరికించే యంత్రాన్ని. అసలు పేరు ఫ్లో సైటోమీటర్. నోరు తిరగనివాళ్ళు 'లేజర్ మిషను' అంటారు, దానికీ పలుకుతాను. రక్తకణాలను సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటి నీలి వెలుగు ముందు నడిపిస్తాను. రంగు పట్టించిన కణం మెరుస్తుంది. ఆ మెరుపు తెరమీద గీతవుతుంది.

ఏదో చలిదేశంలో నన్ను బిగించారు. ఓడెక్కి వచ్చి మొదట ఒక పెద్ద ఆస్పత్రిలో చేరాను. కొత్త మోడల్ రాగానే వాళ్ళు నన్ను మూలకు తోసి, నెత్తిన పూలకుండీ పెట్టారు. అక్కణ్ణుంచి హైదరాబాదులోని ఈ పిల్లల ఆస్పత్రికి వచ్చాను. ఆయుధపూజనాడు నాకు బొట్టు పెట్టి నిమ్మకాయ దిగదుడుస్తారు. మర్నాడు కాస్త నెమ్మదిస్తే 'ముసలి డొక్కు' అని తిడతారు. మనుషుల ప్రేమ అంతే.

కానీ ఆ ఉదయం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గొట్టాలన్నీ గుడగుడమంటాయి!

అనంతపురం వైపు నుంచి ఓబులేశు, నాగవేణి తమ పసివాడు చరిత్‌ను తెచ్చారు. పెద్దపిల్ల ధరణి గట్టిగానే ఉంది. తరవాత పుట్టినవాడు నిమోనియాతో పోయాడు. ఇప్పుడు వీడికీ ఊపిరితిత్తుల్లో చీము, నోట్లో తెల్లపూత. మెడ నిలవదు, మండుటెండలో కూడా చెమట పట్టదు. వేరేచోట రోగాలతో పోరాడే తెల్లకణాలు లెక్కపెట్టి, సరిపడా ఉన్నాయని ఇంటికి పంపేశారట.

"ఉన్నాయి సరే, పనిచేస్తున్నాయా?" అంది మా డాక్టర్ వకుళ.

రోగక్రిమి తగలగానే కణం తన లోపల డబ్బాలో దాచుకున్న కాల్షియం ఒలకబోస్తుంది. డబ్బా ఖాళీ కాగానే కణం గోడలో వాకిళ్ళు తెరుచుకుని, బయటి కాల్షియం బిలబిలా లోపలికొస్తుంది. అప్పుడే కణం పనిలోకి దిగుతుంది. అది రాకపోతే ఇంటినిండా మనుషులుండీ ఒక్కరూ నిద్ర లేవనట్టే. లేబులో మందు వేసి ఆ డబ్బా ఖాళీ చేయిస్తారు; కణంలో కాల్షియం పెరిగేకొద్దీ రంగు మెరిసి నా గీత లేస్తుంది.

బిడ్డ రక్తం పక్కన ఆరోగ్యవంతుడి రక్తం కూడా నడిపి పోల్చుకోవడం మా లేబు పద్ధతి. టెక్నీషియన్ తిరుపాలు ఇంకెవరినో వెతకడం ఎందుకని, ఎదురుగా గుంజలా నిలబడ్డ ఓబులేశునే కుర్చీలో కూర్చోబెట్టాడు.

బిడ్డ గీత కొంచెం ఉబ్బింది. డబ్బా ఖాళీ అయింది. ఆ తరవాత ఏమీ లేదు, చాపలా పడుకుంది. తండ్రి గీత లేచింది, లేచింది... సగంలో ఆగిపోయింది.

"మేడం, ఈ డొక్కు మొరాయించింది," అన్నాడు తిరుపాలు. "దున్నపోతులా ఉన్నాడు, సగమే చూపిస్తోంది. బిడ్డదీ తప్పే అయ్యుంటుంది."

నాకు ఒళ్ళు మండింది! నాది తప్పని తేలిస్తే బిడ్డను మళ్ళీ ఇంటికి పంపేస్తారు. ఈసారి వాడు మిగలడు. అరుద్దామంటే నాకున్నది ఒక్క బీప్.

వకుళ చెయ్యి చాపింది. "నాది తియ్యి."

ఆవిడ గీత జువ్వలా నిండుగా లేచింది!

"మిషను బంగారంలా ఉంది. తల్లిని పిలువు."

నాగవేణి వెనకాలే అత్త లింగమ్మ వచ్చింది. "మాయింట్లో యిట్లాంటి రోగం యెవురికీ ల్యా. అంతా దీని పుట్టింటి రగతం."

"నా పుట్టిల్లంటే నువ్వు పుట్టిన యిల్లే గదత్తా!" అంది నాగవేణి. "నీ తమ్ముడి బిడ్డనే గదా నేను. బయటి పిల్లొస్తే కూడెయ్యదని నన్ను తెచ్చుకున్యావు."

లింగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాగవేణి గీతా సగంలోనే ఆగింది.

"అదీ సంగతి!" వకుళ బల్ల చరిచింది. "మేనరికం కదా, వాకిలి చేసే జన్యువు మీ ఆలుమగలిద్దరిలోనూ ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. సగంతో హాయిగా బతకొచ్చు. వీడికి రెండూ చెడ్డవే వచ్చాయి."

"కాల్షియమే గదమ్మా, రాగిజావ పోస్తా," అంది లింగమ్మ.

"బయట కావలసినంత ఉందవ్వా. లోపలికి దారే లేదు."

జన్యు పరీక్ష కూడా అదే చెప్పింది. రక్తం పుట్టేది ఎముక మూలుగలోనే కదా, బిడ్డకు కొత్తది ఎక్కించాలన్నారు; ధరణి మూలుగ తమ్ముడికి సరిపోయింది. ఆ పిల్ల గీతా సగమేనని తెలిసి ఓబులేశు బెంగపడ్డాడు.

"నీదీ సగమే. బస్తాలు మోయట్లేదా?" అంది వకుళ.

మూలుగ ఎక్కించాక, కొన్ని నెలలకు చరిత్ రక్తం మళ్ళీ నా దగ్గరికొచ్చింది. అందరూ తెర చుట్టూ మూగారు. గీత కొంచెం ఉబ్బింది, పడుకుంది... ఒక్కసారిగా పైకి లేచి, సగం దగ్గర నిలిచింది!

"ఆగిపాయె మేడం!" నాగవేణి గాభరాపడింది.

"అక్కడిదాకా వస్తే చాలమ్మా! వాళ్ళక్కదీ అంతేగా!" అంది వకుళ.

చెమట రాదనీ, పళ్ళు గట్టివి కావనీ, కండరాల నీరసం పూర్తిగా పోదనీ వకుళ ముందే చెప్పింది. మూలుగ మార్చగలిగింది రక్తాన్నే. లింగమ్మ అదేమీ పట్టించుకోకుండా నాకు దండం పెట్టబోయింది. నాగవేణి ధరణిని ముందుకు నెట్టి, "దండాలన్నీ దీనికి పెట్టత్తా," అంది. లింగమ్మ మనవరాలిని ఎత్తుకుని, కోడలి తల నిమిరింది.

ఇప్పుడు నన్ను పాతసామాను గదికి పంపుతారంటున్నారు. పంపనీ. మొన్న నాగవేణి మెట్లెక్కి పరుగున వచ్చింది, గొంతునిండా సంబరం.

"మేడం, మావాడికి జలుబు చేసింది! దానంతటదే తగ్గిపోయింది!"

లేబంతా చప్పట్లు కొట్టింది. జలుబుకి చప్పట్లు కొట్టడం ఎక్కడైనా చూశారా? నేనూ ఉండబట్టలేక, ఉన్న ఆ ఒక్క బీప్ కొట్టేశాను.