సున్నం పొర కింద

పెరట్లో పాత చెత్తగుంట తవ్వుకుంటామని అడిగితే ఎవరైనా ముందు ఎగాదిగా చూస్తారు. ఆ అక్కాతమ్ముళ్ళకు అది అలవాటే. అక్కకు మందుల షాపుంది, తమ్ముడు టైల్స్ మేస్త్రీ. సెలవు దొరికితే చాలు, గునపం, పార పట్టుకుని, వెనకటివాళ్ళు పారేసిన సీసాలూ పింగాణీ ముక్కలూ వెతుక్కుంటూ పాత ఇళ్ళ వెంట పడతారు.

అలాంటిది, రైల్వే గార్డుగా రిటైరైన ఈ ముసలాయన వాళ్ళ మాట పూర్తికాకముందే "తవ్వుకోండి" అన్నాడు. గుంట ఎక్కడుందో తనే చూపించాడు.

"దొరికినవి మీరే పట్టుకెళ్ళండి. కానీ గేటు దాటేముందు ప్రతిదీ నాకు చూపించాలి. పెంకుముక్కయినా సరే."

తమ్ముడికి అక్కడే అనుమానం పుట్టింది. "ఏదో తిరకాసుందక్కా. లోపల ఏదో పాతిపెట్టి, మనచేత ఊరికే తవ్వించుకుంటున్నాడు."

"పెళ్ళాం ఇచ్చిన కాఫీ కూడా వాసన చూసి తాగే రకానివి నువ్వు. ముందు తవ్వు."

గార్డు కుర్చీ తెచ్చుకుని గుంట అంచునే కూర్చున్నాడు. బూడిద, పగిలిన పెంకులు, ఒక ఇంకుబుడ్డి, పిడి ఊడిన జగ్గు బయటపడ్డాయి. ఒక్కొక్కటే అందుకుని, తిప్పి చూసి, "ఇది కాదు" అని తనలో తను గొణుక్కుని పక్కన పెడుతున్నాడు. ఆ గొణుగుడు తమ్ముడి చెవిన పడింది. ఇది కాదంటే, ఇంకేదో ఉందనే కదా!

నడుము లోతుకు దిగాక గునపం తగిలినచోట తెల్లటి పొడి లేచింది. సున్నం. గడ్డకట్టి, అరచేయంత మందాన గుంటంతా పరుచుకుని ఉంది. ఆ తెలుపు కంట పడగానే గార్డు లేచి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి కిటికీ తెర కదిలింది.

"చెత్తమీద సున్నం ఎందుకు పోస్తారక్కా?" తమ్ముడు గొంతు తగ్గించాడు. "శవం వాసన రాకుండా పోస్తారని విన్నాను."

"నోర్ముయ్," అంది అక్క. కానీ ఆమె ముఖమూ పాలిపోయింది.

పొర పగలగొట్టారు. కింద నీలం సీసాలు, ఒంటినిండా నిలువు గీతలు. అక్క ఒకదాన్ని వేళ్ళతో తడిమి చూసింది. "విషం సీసా. చీకట్లో పట్టుకున్నా చేతికి తెలియాలని ఇలా గీతలు పెట్టేవారు."

వాటి కింద పళ్ళేలు, గిన్నె, చెంచా, పిల్లలు పాలు తాగే చిన్న కప్పు. ఒక్కటీ పగల్లేదు. బంగారంలాంటి సామాను ఎవరు పారేస్తారు? ఇంతలో ఒక సన్నటి ఎముక పైకొచ్చింది. తమ్ముడు ఒక్క గెంతులో గట్టు మీద పడ్డాడు.

అక్క దాన్ని తుడిచి చూసింది. "కోడి కాలురా."

"ఈ ఎముక కోడిదే అవనీ, ఆ విషం కూడా కోడికే పెట్టారంటావా? నేను పోలీసులకు ఫోన్ చేస్తున్నా."

తలుపు తెరుచుకుంది. గార్డు గోడ పట్టుకుని మెట్టు దిగాడు. "చిన్న కప్పు దొరికిందా బాబూ?"

"కప్పుందని మీకెలా తెలుసు? సున్నం సంగతీ తెలుసన్నమాట!" తమ్ముడి చేతిలో గునపం అలాగే ఉంది.

"ఆఖరి బకెట్ పోసింది నేనేనయ్యా. ఆరేళ్ళవాణ్ణి. మా చెల్లిని కంఠసర్పి మింగేసింది, గొంతు పూడుకుపోయే అంటురోగం. అది ముట్టుకున్నవన్నీ నాన్న ఇందులో పడేశాడు. ఆ సీసాల్లోది గది కడిగిన మందు. ఫోటో లేదు. అలాంటి పిల్ల ఒకతి ఉండేదని తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే."

"మరి ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"ఇంతకుముందు వచ్చినవాళ్ళకు చెప్పాను. మళ్ళీ ఈ వైపు తొంగిచూడలేదు."

తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతులు ప్యాంటుకు రుద్దుకుంటూ అక్క వైపు చూశాడు.

"ఇన్నేళ్ళ తర్వాత అందులో ఏ క్రిమీ బతికుండదులే," అంది అక్క. గార్డు వైపు తిరిగి, "అయినా మీరు చెప్పాల్సిందండీ," అంది.

ఆయన తలదించుకున్నాడు. కప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "దీంట్లో తాగింది అదో నేనో గుర్తు రావడంలేదు. దాని ముఖమూ గుర్తులేదు." కప్పు నేలమీద పెట్టేశాడు.

తమ్ముడు ఆ ముఖంలో నటన కోసం వెతికాడు. దొరకలేదు. ఫోను జేబులో పెట్టి, తిట్టుకుంటూనే మళ్ళీ గుంటలోకి దిగాడు. గునపం వదిలేసి చేతులతో మట్టి కెలికాడు. చాలాసేపటికి మూలనుంచి ఒక చిన్న బూటు తీసి పైకందించాడు. తోలు చివికిపోయింది, చెక్క అడుగు మాత్రం గట్టిగా ఉంది. ముందుభాగం ఒకవైపు బాగా అరిగిపోయింది.

గార్డు ఆ అరిగినచోట బొటనవేలు పెట్టాడు.

"కాలు ఈడ్చేది," అన్నాడు. "ఎడమకాలు. నేను పరిగెత్తితే వెనకాల గీరుకుంటూ వచ్చేది. అయ్యో, ఎలా మర్చిపోయానమ్మా!"

వంగి, ఆ బూటును మట్టిమీద పెట్టి, చేత్తో మెల్లగా ఈడ్చాడు. "ఇదిగో, ఇలా నడిచేది. చూశారా?"

"చూశామండీ," అంది అక్క.

తమ్ముడు గుంటలోనే నిలబడి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.