ముందు నీళ్ళు

లండన్‌లో ధర కూలిన ఏడాది ఈ ఊరి రైతులంతా కోకో అమ్మం పొమ్మన్నారు. అది కళ్ళారా చూసినవాళ్ళలో ఇక మిగిలింది ఓపోకు తాత ఒక్కడే. చరిత్ర పరిశోధన చేస్తున్న సెర్వా కుమాసీ పట్నం నుంచి ఆదరాబాదరాగా వచ్చి, ఆయన కోడలు తెచ్చిన నీళ్ళగ్లాసు పక్కన పెట్టేసి రికార్డర్ నొక్కింది.

"తాతా, ధర ఎంతకి పడితే అమ్మకం ఆపారు?"

తాత ఆ గ్లాసు వైపే చూశాడు. అరగంటలో మూడుసార్లు అడిగింది. ఆయన మాట లేకపోతే ఆమె మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. నాలుగోసారి నోరు తెరవబోతుంటే కర్ర నేలకేసి కొట్టాడు.

"ధరంట ధర! ధర పడినా మా నాన్న పళ్ళు కొరుక్కుని అమ్మేవాడే. కోకో కొనే కంపెనీ దొర వచ్చాడు. మా అమ్మ నీళ్ళిస్తే ముట్టలేదు. కూర్చోకుండానే 'ఎన్ని బస్తాలున్నాయి?' అన్నాడు. నాన్న లేచి గోదాముకి తాళమేశాడు. నాన్నని చూసి ఊరంతా తాళాలేసింది."

 సెర్వా రికార్డర్ ఆపేసి, వేడెక్కిన ఆ నీళ్ళు గటగటా తాగేసింది.

తాత కర్ర పక్కన పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు తల్లీ, ఏం పని మీద వచ్చావు?"