చదివినోని సంతకం

కొత్తది ఏది కనిపించినా నా చేయి ఊరుకోదు. నస్పూర్‌లో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. తెలియని లింకులు నొక్కకూడదని పిల్లలకు పాఠం చెప్పి, ఇంటికొచ్చి అన్నీ నొక్కే రకం. జూలై మొదట్లో నాకొక మెయిల్ వచ్చింది. కొత్త ఆపరేటింగ్ సిస్టం తయారవుతోందట, అందరికీ ఇవ్వకముందే తెలుగులో వాడి చూసి లోపాలు చెప్పేవాళ్లు కావాలట. సాంతం చదవకముందే ఒప్పేసుకున్నాను.

రోజూ వాడే లాప్‌టాప్‌లో దాన్ని వేసేంత తిక్క నాకు లేదు. మా ఆయన మల్లేష్ మస్కట్ వెళ్లకముందు వాడిన పాతది బీరువా మీద పడి ఉంది. మూతకు టేపు వేసి ఉంటుంది, బ్యాటరీ గంటంబావు మించి రాదు. దాన్ని తుడిచి బీటా ఎక్కించాను. తెర మీద నెమలికంఠం రంగు పరుచుకుని మధ్యలో "స్వాగతం" అని పడేసరికి, పక్కన ఎవరూ లేకపోయినా నమస్కారం పెట్టబోయాను.

రెండు రోజులు వంటింట్లో అడుగు పెట్టలేదు. అత్తమ్మ కొమురవ్వ గొణుక్కుంటూనే వండి పెట్టింది. చెత్తబుట్ట ఖాళీ చేస్తే కాగితం నలిగిన చప్పుడు వస్తోంది. తెలుగు చదివి వినిపించే గొంతు ఒకటి పెట్టారు, దానికి కరెంటు బిల్లు ఇస్తే రేడియోలో వార్తల్లా చదివింది. ఇంకేముందో, ఇంకేముందో అని ప్రతి మూలా కెలికాను. మూడో రోజు యూనిట్ టెస్టు పేపర్లు నెత్తి మీద పడ్డాయి. కొత్త వింత, పాత రోత అన్నారు కదా. లాప్‌టాప్ కూలర్ మీదికి చేరింది.

అక్కడ అది మామయ్య కంట పడింది.

మామయ్య పేరు పరశురాములు. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి, అందులో చివరి పదిహేడేళ్లు సర్దార్‌గా ఉండి రిటైరయ్యాడు. సర్దార్ పనేమిటో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనివాళ్లకు చెబుతాను. షిఫ్టు మొదలయ్యేముందు పని జరిగే చోటికి అందరికంటే ముందు వెళ్లాలి. కట్టెతో పైకప్పు తట్టి ఆ చప్పుడు వినాలి, గ్యాస్ ఉందేమో చూడాలి, చూసిందంతా పుస్తకంలో రాయాలి. ఆయన రావచ్చంటేనే మిగతావాళ్లు రావాలి. అందుకే మామయ్య దేన్నయినా ముందు తట్టి చూస్తాడు. పెళ్లిచూపులకు వచ్చి మా ఇంటి గోడ కూడా తట్టాడు.

"గిది గీడ పడేసినవేంది బిడ్డా?" అన్నాడు లాప్‌టాప్ మూత మీద వేలితో తట్టి.

"అది బీటా మామయ్యా. ఇంకా పూర్తి కాలే."

"బీటా అంటే?"

"అందరికి ఇచ్చేకన్న ముందుగాల కొందరికి ఇస్తరు. మనం వాడి, ఏడ చెడ్డదో చెప్పాలె. వాళ్లు బాగుచేస్తరు."

మామయ్య మూత ఎత్తి చూశాడు. "అంటే మందికన్న ముందు దిగుడు."

"గట్లనే అనుకోండ్రి."

"మరి దిగి, ఏం రాయకుంటనే పైకొచ్చినవా?"

నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నది నిజం కాబట్టే మండింది.

మర్నాడు ఏడు గంటలకు మామయ్య స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పక్కన పొడుగు నోటుబుక్కు. మౌస్ పట్టడం నేర్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ తర్వాత నా అవసరం లేకపోయింది. రోజుకు ఒక చోటు ఎంచుకుని దాన్నే అటూ ఇటూ తిప్పి చూసేవాడు. బడికి వెళ్తూ ఒకసారి తొంగి చూస్తే ఇలా ఉంది: "స్థలం: గడియారం. గోడ గడియారంతో సరిపోయినది. ప్రమాదం లేదు." కింద: "స్థలం: చెత్తబుట్ట. పారేసినది మళ్లీ తీయవచ్చును. మంచి ఏర్పాటు." నవ్వాపుకుని బస్సెక్కాను. స్టాఫ్ రూంలో చెప్పి అందరినీ నవ్వించాను కూడా.

పదిహేను రోజులైంది. గాలివానలు ఎక్కువయ్యాయి. బొగ్గు తవ్వేది మేము, కరెంటు ముందు పోయేది మాకు. ఒకరోజు సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మామయ్య ఎదురొచ్చాడు.

"బిడ్డా, దొరికింది. బ్యాటరీ లెక్క అబద్ధం చెప్తున్నది. ఎనభై రెండు అని చూపెడుతనే సచ్చిపోతది."

"పాత బ్యాటరీ కదా మామయ్యా."

"పాతది తొందరగ సావొచ్చు. అబద్ధమెందుకు చెప్తది? గ్యాస్ చూసే దీపమే లేకుంటే మనిషి భయపడి జాగ్రత్తగుంటడు. తప్పు చూపెట్టే దీపముంటే ధైర్యంగ పోయి సస్తడు. ఎవలన్న పరీక్ష రాసుకుంట నడుమల బందైతే?"

అలసిపోయి ఉన్నాను. "కంపెనీకి రాస్తలే" అన్నాను. నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. నేను అది తెరవలేదు. ఫిర్యాదు బటన్ నొక్కి, "బ్యాటరీ శాతం తప్పుగా చూపిస్తోంది. దయచేసి సరిచేయండి" అని రెండు ముక్కలు టైపు చేసి పంపాను. వెంటనే జవాబు వచ్చింది: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మీ సహకారం మాకు అమూల్యం."

"గిది ఎవలు రాసిన్రు?"

"ఎవలు రాయరు మామయ్యా. ఎవలు పంపినా అదే వస్తది."

"మరి చదివినోని సంతకం ఏది?"

బాయిలో పద్ధతి అదట. సర్దార్ రాసి సంతకం పెడితే సరిపోదు. పై అధికారి అది చదివి, కింద తన సంతకం పెట్టాలి. అప్పటిదాకా అది రిపోర్టు కాదు, వట్టి కాగితం. "వస్తది, జర ఓపిక పట్టండ్రి" అన్నాను.

మామయ్య ఓపిక పట్టాడు. రోజూ పొద్దున మళ్లీ పరీక్షించి మళ్లీ ఒక పేజీ రాసేవాడు. నేను రోజూ అవే రెండు ముక్కలు పంపేదాన్ని. అదే ధన్యవాదం వచ్చేది. ఆయన అన్నం తింటూ లేచివచ్చి మెయిల్ వచ్చిందేమో చూసేవాడు. మల్లేష్ వీసా రెన్యువల్ అయితే ధర్మపురి పోయి, గోదావరిలో మునిగి, నరసింహస్వామిని చూస్తానని అత్తమ్మ మొక్కుకుంది. వీసా వచ్చి నెల దాటినా మామయ్య కదలడు. "జవాబు రానీయే" అంటాడు.

"మీ మామకు ఏదో పట్టింది. పరేషాన్ చేస్తుండు" అంది అత్తమ్మ ఒకరోజు నాతో. "నువ్వు చదువుకున్నదానివి, ఏదన్న ఒకటి చెయ్యి బిడ్డా."

చేశాను. బడిలో ఖాళీ పీరియడ్‌లో కొత్త మెయిల్ ఐడి ఒకటి తయారుచేసి రాశాను: "పరశురాములు గారికి నమస్కారం. మీ రిపోర్టు పూర్తిగా చదివాము. మీరు చెప్పిన లోపం నిజమే. సరిచేస్తున్నాము. ఇట్లు, విక్రాంత్, ఇంజనీర్." నిజం చెప్పాలంటే, ఆ తెలుగు చూసుకుని మురిసిపోయాను కూడా.

సాయంత్రం మామయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ మెయిల్ మూడుసార్లు చదివాడు. నోటుబుక్కులో తన చివరి పేజీ కింద దాన్ని మాట పొల్లు పోకుండా ఎక్కించుకున్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమే, రేపు పొద్దున బస్సుకు ధర్మపురి పోదాం" అన్నాడు. అత్తమ్మ నా వైపు చూసి నవ్వింది. నాకు ఎంత గర్వమనిపించిందో.

టీ తాగుతూ మామయ్య తనంతట తానే మొదలుపెట్టాడు. పద్ధతులు చెప్పేవాడు కానీ, బాయిలో జరిగిన సంగతులు ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"పదకొండేండ్ల కింద బిడ్డా. ఒక మూల కప్పు తడితే బోలుగ పలికింది. ఈడికి ఎవలను పంపొద్దు అని రాసి, పుస్తకం బల్ల మీద పెట్టిన. సంతకం పెట్టే సారు రాలే. జరసేపు చూసిన. బస్సు పోతదని నేనొచ్చిన. తర్వాతి షిఫ్టుల ముత్యం దిగిండు, నా తోటి చేరినోడు. కప్పు కూలింది. పానం పోయింది."

అత్తమ్మ బట్టలు మడతపెట్టడం ఆపింది.

"తెల్లారి పుస్తకం తీసి చూస్తే నా రాత కింద సంతకమున్నది. చదివినోడైతే ముత్యంను దింపుతడా? చదవకుంట పెట్టిన సంతకం గది. గాయిన మీద కోపం ఎప్పుడో పోయింది. నేనెందుకు ఆగలే, నిలవడి ఎందుకు చదివియ్యలే అన్నదే పోతలేదు. గందుకే గీసారి ఆగిన." మామయ్య గ్లాసు కింద పెట్టాడు. "గా విక్రాంత్ పిలగాడు చదివిన అని రాసిండు చూడు, ఇయ్యాల జర నిమ్మళమైంది."

చదవకుండా పెట్టిన సంతకం. నేను పెట్టింది కూడా అదే. ఆ మనిషి కనీసం తన పేరుతో పెట్టాడు.

పొద్దున్నే ఆటో వచ్చింది. అత్తమ్మ కొబ్బరికాయలు సంచిలో సర్దుకుంది. మామయ్య చెప్పులు వేసుకుంటున్నాడు. ఆయన ధర్మపురి వెళ్లొస్తే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

"మామయ్యా, గా మెయిల్ కంపెనీది కాదు. నేనే రాసిన. విక్రాంత్ అనేటోళ్లు ఎవలు లేరు."

ఆయన ఒక కాలికి చెప్పుతో అలాగే కుర్చీలో కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఒకటే అడిగాడు.

"మరి నువ్వన్న చదివినవా?"

"ఏది?"

"నేను రాసింది. పందొమ్మిది పేజీలున్నయి."

అబద్ధం ఆడటానికి ఇక ఓపిక లేదు. "చదవలే మామయ్యా. కంపెనీకి సుత రెండు ముక్కలే పంపిన."

"గట్లయితే సంతకం మంచిగనే పెట్టినవు" అన్నాడు.

ఏడుపొచ్చింది. అత్తమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి సంచి కింద పెట్టింది. ఆటో అతనితో, "నువ్వు పో తమ్మీ, మేం మాపటి బస్సుకు పోతం" అని చెప్పింది. నాతో, "కూసొని చదువు" అంది.

గడప మీద కూర్చుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. బడికి ఫోన్ చేసి సెలవు చెప్పడం కూడా మూడో పేజీ దగ్గర గుర్తొచ్చింది. ఎందుకంటే ఆయన రాసింది వదలబుద్ధి కాలేదు. తెరిచి ఉన్నప్పుడు చార్జర్ తీస్తే లెక్క సరిగానే తగ్గుతోంది. మూత మూశాక తీస్తే ఒక్కోసారి తగ్గుతోంది, ఒక్కోసారి లేదు. ఎందుకు? ఏడు రోజులు ఆయన ఆ ఎందుకు వెంట పడ్డాడు. పన్నెండో పేజీలో దొరికింది: చార్జింగ్ ఎక్కుతుండగా మూత మూసి, మూసి ఉండగానే కరెంటు పోతే, తెరిచాక అంకె అక్కడే ఆగిపోతుంది. ముందే నిండిన బ్యాటరీకి అలా జరగదు. కరెంటు పోని ఊళ్లో ఎంతమంది వాడినా ఇది దొరకదు. పద్నాలుగో పేజీ చివర ఇలా రాశాడు: "నాకు ఈ యంత్రము కొత్త. నేను పొరబడి ఉండవచ్చును. ఇంకొక మనిషి చూడవలెను."

ఆ ఇంకొక మనిషి నాలుగడుగుల దూరంలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది.

పాత లాప్‌టాప్ తెచ్చాను. చార్జింగ్ ఎక్కుతుండగా, డెబ్బై నాలుగు దగ్గర మూత మూసి, వైరు పీకి, పది నిమిషాలాగి తెరిచాను. డెబ్బై నాలుగు. కొంచెంసేపు ఒక వీడియో నడిపించాను. డెబ్బై నాలుగే. వైరు మళ్లీ పెట్టి చూద్దామని చేయి చాపితే మామయ్య, "ముట్టకు. ఊకె చూడు" అన్నాడు. అప్పటిదాకా ఆయన పక్కన కుర్చీ వేసుకున్న సంగతే నేను చూసుకోలేదు. ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. అత్తమ్మ కూడా చిక్కుడుకాయలు ఒలవడం ఆపేసి అంకెనే చూసింది. నలభై ఆరు నిమిషాలకు, డెబ్బై నాలుగు అని నిబ్బరంగా చూపిస్తూనే తెర నల్లబడింది. నేను ఉలిక్కిపడ్డాను. జరుగుతుందని తెలిసి కూడా ఉలిక్కిపడ్డాను.

"చూసినవా?" అన్నాడు మామయ్య.

"చూసిన."

నా లాప్‌టాప్ తెరిచి పందొమ్మిది పేజీలూ ఎక్కించాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత దగ్గర మూస్తే ఎంత దగ్గర ఆగింది, అంతా. అర్థం కాని చోట ఆయన్ని అడిగాను. చివర ఆయన పేరు, దాని కింద నేను కూడా చేసి చూశానని నా పేరు రాసి పంపాను. అదే ధన్యవాదం వచ్చింది. మామయ్య దాన్ని చూడనే లేదు. నోటుబుక్కు తెరిచి, విక్రాంత్ మెయిల్ మీద అడ్డంగా గీత కొట్టి, దాని కింద చోటు చూపించి పెన్ను నా ముందుకు జరిపాడు.

"చదివాను, చేసి చూశాను, నిజము" అని రాసి సంతకం పెట్టాను.

"టైం వెయ్యి."

పదకొండు ఇరవై అని వేశాను. మామయ్య గోడ గడియారం వైపు చూశాడు.

"ఇరవై రెండు."

ఇరవై మీద దిద్దబోతుంటే నా చేయి పట్టుకుని ఆపాడు. "దిద్దొద్దు బిడ్డా. కొట్టేసి పక్కన రాయి. కొట్టేసిన కాడ మళ్ల సంతకం పెట్టు."

కొట్టేసి, పక్కన రాసి, అక్కడ కూడా పెట్టాను.